ఇంగ్లండులో వేసిన ఓటు, మెసయీద్‌లో ఒప్పుకోలు

ఖతర్‌లో మెసయీద్ వెళ్ళేవాళ్ళు మామూలుగా ఇసుక దిబ్బల కోసమో, సముద్రం కోసమో వెళ్తారు. నేను మాత్రం ఒక మనిషికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. దారి అందరికీ ఒకటే కాబట్టి వేళలూ ఖర్చులూ కూడా రాస్తాను. దిబ్బల ఫొటోలు మాత్రం అడగకండి, ఒక్కటీ తియ్యలేదు.

అసలు సంగతి 2016 నాటిది. అప్పుడు నేను ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఏడాది జూన్‌లో ఆ దేశం యూరప్ కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని జనాన్ని ఓటు అడిగారు. అక్కడ ఉంటున్న మన దేశపు పాస్‌పోర్టువాళ్ళకు కూడా, కామన్వెల్త్ దేశాలవాళ్ళం కాబట్టి, ఆ ఓటు వచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడే పని చేస్తూ పన్నులు కడుతున్న పోలండువాళ్ళకూ రుమేనియావాళ్ళకూ రాలేదు. నేను రోజూ సాయంత్రం తినే హోటల్ ఒక తెలుగాయనది. దాని వంటగదిలో ఇద్దరే మనుషులు. ఒకరు జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన గంగారాం, ఇంకొకరు రుమేనియా నుంచి వచ్చిన మిహాయ్. యూరప్‌వాళ్ళ రాక తగ్గితే మన దేశపు వంటవాళ్ళకు వీసాలు సులువుగా ఇస్తారని అప్పట్లో గట్టిగా ప్రచారం జరిగింది. నేను నమ్మేశాను. నమ్మి నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ నాది ఊరుకునే నోరు కాదు. వంటగది గుమ్మంలో నిలబడి, బయటికి రావడానికే ఓటెయ్యాలని గంగారాంకు రోజూ తెలుగులో పాఠం చెప్పేవాణ్ణి. మిహాయ్‌కు మా మాటలు అర్థం కాక, ఉల్లిపాయలు తరుగుతూ మా వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

బయటికి రావడమే గెలిచింది. ఊరు రెండు ముక్కలైంది. హోటల్ యజమాని ఒక పక్క, ఆయన భార్య ఇంకో పక్క. గల్లాపెట్టె దగ్గరే వాదించుకునేవారు. వారం వారం కలిసి వచ్చే ఒక ముసలి ఇంగ్లీషు జంట విడివిడిగా రావడం మొదలుపెట్టింది, ఆయన మంగళవారం, ఆవిడ గురువారం. మిహాయ్ కొన్నాళ్ళకు తన దేశం వెళ్ళిపోయాడు. అతని చోట మనిషి దొరకలేదు. వస్తాయన్న వీసాలు మా హోటల్‌కైతే రాలేదు. చివరికి హోటల్ మూసేశారు. గంగారాం వీసా ఆ హోటల్ మీదే ఉంది కాబట్టి ఆయనా ఇంటికి వెళ్ళక తప్పలేదు. నేనే ఆయన పొట్ట కొట్టానన్న బాధ అప్పటి నుంచీ నాలో ఉండిపోయింది. తర్వాత నాకు దోహాలో ఉద్యోగం దొరికి అల్ సద్‌లో కాపురం పెట్టాను. పోయిన నెల ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, బతుకమ్మ వంటల జాబితాలో, "గంగారాం, మెసయీద్" అని కనిపించింది. పక్కనున్న నంబరుకు ఫోన్ చేశాను. ఆయనే.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు అల్ సద్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. ముషైరిబ్‌లో దిగి రెడ్ లైనుకు మారి చివరి స్టేషన్ అల్ వక్రా దాకా వెళ్ళాలి. ఇదంతా రెండు రియాళ్ళ టికెట్టే. శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, ముందుగా చూసుకుని బయల్దేరండి. అల్ వక్రా నుంచి మెసయీద్‌కు బస్సు ఉంది గానీ సెలవు రోజున అది ఎప్పుడొస్తుందో చెప్పలేం. నేను టాక్సీ తీసుకున్నాను, నలభై రియాళ్ళు దాటింది. డ్రైవర్ బంగ్లాదేశ్ ఆయన. "ఘూమ్‌నే జా రహే హో, సాబ్?" అని అడిగాడు, చూడ్డానికి వెళ్తున్నారా అని. కాదు, ఒక మనిషికి మాఫీ చెప్పడానికి అన్నాను. అద్దంలో నన్ను ఒకసారి చూసి రేడియో కట్టేశాడు. కుడి పక్కన ఫ్యాక్టరీ గొట్టాలు, ఎడమ పక్కన అప్పుడప్పుడూ సముద్రం కనిపిస్తాయి. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో సర్దుకుంటూనే ఉన్నాను.

పదకొండు గంటలకు కార్మికులుండే కంపెనీ క్యాంప్ గేటు దగ్గర దిగాను. సెక్యూరిటీ వాళ్ళు ఖతర్ ఐడీ కార్డు ఉంచుకుని చేతికి పాసు ఇస్తారు, కార్డు లేకపోతే లోపలికి పోనివ్వరు. గంగారాం ఆ క్యాంప్ మెస్సులో పెద్ద వంటవాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చి, నేను నోరు తెరవబోతుంటే ఆపేశాడు.

"ముందుగాల తినుండ్రి సార్. నమాజ్ అయినంక జనం ఒక్కసారే అస్తరు, అప్పుడు నాకు మాట్లాడ తీరది. మాటలు యాడికి పోతయి?"

శుక్రవారం బిర్యానీ. దాని రుచి గురించి రాయాలని ఉంది గానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మూలనున్న బల్ల దగ్గర కూర్చుని ఆయన వడ్డన చూస్తూ ఉన్నాను. రెండున్నరకు హాలు ఖాళీ అయింది. స్టోరు గదిలో బియ్యం బస్తాల పక్కన రెండు స్టూళ్ళు వేసి, టీ తెచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను సర్దుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"గంగారాం గారూ, ఆ రోజు మీ చేత అలా ఓటు వేయించింది నేనే. నేను రోజూ మీ చెవిలో పోరకపోతే మీరు వేసేవారు కాదు. హోటల్ పోయింది, మీ బతుకుతెరువు పోయింది. నన్ను క్షమించాలి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను వింతగా చూశాడు.

"మీరు చెప్తె ఏసిన్నా సార్? మీరు రోజూ చెప్పుడు నిజమే. తిననచ్చిన మనిషిని కాదనుడెందుకని తలకాయ ఊపిన. అప్పుడు నా తమ్ముడు ఊర్ల ఖాళీగ తిరుగుతుండె. ఆన్ని ఆడికి తీస్కపోవాలె, నా పక్కన పొయ్యి కాడ నిలవెట్టుకోవాలె అనుకున్న. గందుకు ఏసిన. అది నా తప్పు సార్. గదిగూడ మీరే తీస్కపోతరా?"

నిజం చెప్పాలంటే నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్ళు నేను బాధపడుతున్న పాపం నాది కాదంటే, మరి నేనేమిటి? చదువుకున్నవాణ్ణి కదా, నా మాట మీదే అందరూ నడిచారని ఎంత ధీమాగా అనుకున్నానో అప్పుడు అర్థమైంది.

"ఓటేసిన నాడు నా డ్యూటీ ఎవలు జేసిండ్రో ఎరుకనా మీకు?" అని గంగారాం అడిగాడు. నాకు తెలియదు.

"మిహాయ్ జేసిండు. మస్తు గిరాకి ఉండె. నేను పోనని అంటే, నాకు ఓటు లేదు, నీకున్నది, నువ్వు పో అని నూకిండు. నా పని, ఆయన పని రెండు జేసిండు. మన దిక్కు ఓటేస్తె వేలుకు సిర పెడ్తరని ఎన్నడో చెప్పిన్నట, నేను రాంగనే వేలు వట్టుకొని సూశిండు. ఆడ సిర పెట్టరు గద, పెన్సిలుతోని గీత గీసుడే. ఏం లేదని నవ్విండు. తెల్లారి రిజల్టు అచ్చినంక అందరి మీద కోపానికచ్చిండు. నేను ఆయన దిక్కే ఏసిన్ననుకొని, నా దగ్గరికచ్చి మాత్రం బుజం మీద చెయ్యేసి 'యూ గుడ్ మ్యాన్' అన్నడు. నేను కాదనలే సార్."

మిహాయ్ ఇప్పుడు తన ఊళ్ళో రొట్టెల బేకరీలో పని చేస్తున్నాడట. ఇప్పటికీ వారానికొకసారి ఫోన్ చేసి, వచ్చిన నాలుగు ముక్కల్లో కుశలం అడుగుతాడట.

"ఎన్నోసార్లు చెప్పాలె అనుకున్న. నాకచ్చే ఇంగ్లీషు వంటింటి ఇంగ్లీషు. సాల్ట్, హాట్, రెడీ, ఫినిష్. సారీ అంటే ప్లేటు పలిగింది అనుకుంటడు. ఇక్కడ ఎవలనన్న అడుగుదామంటే సిగ్గు. మీకైతే అంత ఎరుకే. ఇప్పుడు ఆయన పనికెల్లి అచ్చే టైము. చెప్పుండ్రి సార్ నా తరఫున."

క్షమాపణ చెప్పడానికి వచ్చినవాణ్ణి, ఇంకొకరి క్షమాపణకు దుబాసీనయ్యాను. వీడియో కాల్ కలిసింది. మిహాయ్ బాగా లావయ్యాడు. నన్ను గుర్తుపట్టి సంతోషంగా చెయ్యి ఊపాడు. గంగారాం మీకొక మాట చెప్పాలంటున్నాడని మొదలుపెట్టి, నేనే ఆయన మనసు మార్చానని రెండు వాక్యాలు ముందు కలపబోయాను. గంగారాంకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమైంది. నా మోచేయి పట్టుకుని, "నడుమ మీ పేరెందుకు సార్? నా మాటే చెప్పుండ్రి" అన్నాడు. చెప్పాను. ఆ రోజు మీరు ఆయన పని కూడా చేస్తున్నప్పుడు, ఆయన బయటికి రావడానికే ఓటు వేశాడు. మీరు ఆయన్ని మంచివాడన్నప్పుడు కాదని చెప్పలేదు. తప్పు చేశానంటున్నాడు.

మిహాయ్ నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ పెన్సిల్ పట్టుకున్నప్పుడు నీకు నేను గుర్తొచ్చానా అని. నేను తెలుగులో చెప్పాను. గంగారాం తెర వైపే చూస్తూ జవాబిచ్చాడు.

"గుర్తచ్చిండు. గుర్తచ్చినా ఏసిన."

దీన్ని కాస్త మెత్తగా చెప్పవచ్చు కదా అని నాకు అనిపించింది. నా చేతిలో పనే. కానీ అలా చేస్తే గంగారాం మాటను మళ్ళీ నా మాటగా మార్చినట్టే అవుతుంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అనేశాను. మిహాయ్ తలూపి, "మరి నువ్వు?" అని నన్ను అడిగాడు. "నేనూ అలాగే వేశాను" అన్నాను. పని ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. కోపంగా పెట్టలేదు, వీడ్కోలూ చెప్పలేదు.

మళ్ళీ చేస్తాడంటారా అని గంగారాంను అడిగాను.

"ఎరుక లేదు సార్. గని ఇన్నేండ్లు ఆయన మాట్లాడింది నాతోని గాదు. ఆయన కోసం ఓటేసినోడు ఒకడు ఉన్నడనుకొని ఆనితోని మాట్లాడిండు. ఇయ్యాల నాతోని మాట్లాడిండు." కళ్ళు తుడుచుకుని, రాత్రి వంటకు పప్పు నానబెట్టాలని లేచాడు.

నాలుగున్నరకు గేటు దగ్గర కార్డు తీసుకుని బయటపడ్డాను. మెసయీద్ వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే: తిరుగు టాక్సీని దిగేటప్పుడే మాట్లాడిపెట్టుకోండి. నేను ఆ పని చెయ్యక ఎండలో ముప్పావుగంట నిలబడ్డాను. అల్ సద్‌లో ఇల్లు చేరేసరికి ఆరున్నర అయింది.

ఒక దేశం తన జనాన్ని అవునా కాదా అని అడిగితే, జవాబు లెక్కపెట్టాక కూడా మనుషుల మధ్య ఆ ప్రశ్న మిగిలే ఉంటుందని నాకు ఇప్పుడు తెలిసింది. ఎవరెలా వేశారన్నది మనసులో పెట్టుకుని భార్యాభర్తలు, స్నేహితులు, ఒకే పొయ్యి దగ్గర పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి పైపైన మాట్లాడుకుంటూ ఉంటారు. నేను గంగారాంకు బాకీ ఉన్నాననుకుని వెళ్ళాను. ఇంటికొచ్చాక, భోజనానికి కూర్చున్నప్పుడు, మిహాయ్ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చింది. నేనూ అలాగే వేశానన్నాను, అంతే. తప్పు చేశానని గంగారాం తరఫున అంత చక్కటి ఇంగ్లీషులో చెప్పినవాణ్ణి, నా తరఫున మాత్రం ఆ మాట అనలేదు. మిహాయ్ నంబరు నా దగ్గర లేదు. రేపు గంగారాంకు ఫోన్ చేసి అడగాలి.