ఫాదర్ డెనిస్ అడిగిన పేరు

వాన రోజుల్లో, ఇంగ్లండులో మా షెఫీల్డ్ బస్సు నిండా తడిసిన ఉన్ని కోట్ల వాసన. అందరూ ముక్కులు చిట్లించుకుని కిటికీ తెరుస్తారు. నేను మాత్రం ఆ వాసన గుండెల నిండా పీల్చుకుంటాను. ఫాదర్ డెనిస్ గోధుమరంగు అంగీ ఉతికి ఆరేస్తే సరిగ్గా ఇలాగే ఉండేది.

2004లో నేను ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని. ఆయన పద్నాలుగో నంబరు గదిలో ఉండేవారు. కాథలిక్కుల్లో ఫ్రాన్సిస్కన్ మఠం సన్యాసి. తమ మఠానికి చెందిన మధ్యయుగపు గురువుల వేదాంతాన్ని నలభై ఏళ్ళు బోధించి, చివరికి చెంచా కూడా పట్టుకోలేని వణుకు జబ్బుతో మా దగ్గరికి వచ్చారు. మా హోమ్‌లో మనుషులకు పేర్లుండేవి కావు. "పద్నాలుగుకి స్నానం అయిందా? ఆరు ఏమైనా తిన్నదా?" అనేవాళ్ళం. ఒకరోజు నేనూ ఆయన వినేలా అలాగే అన్నాను. "ఇక్కడ పద్నాలుగు ఎవరూ లేరు కరుణా," అన్నారాయన. అందరిలా నన్ను కారెన్ చేసెయ్యకుండా కరుణ అని పిలిచింది ఆ భవనంలో ఆయనొక్కరే.

నేను గడ్డం గీస్తుంటే పాఠం మొదలుపెట్టేవారు. బ్లేడు గొంతు మీదున్నా నోరు ఆగేది కాదు. ఒంగోలు ప్రొటెస్టెంటు పిల్లకు కాథలిక్ వేదాంతం ఎక్కించాలని ఆయన పట్టుదల, ఎక్కించుకోకూడదని నాది. ఏడు వందల ఏళ్ళ కిందట స్కాట్లండ్‌లో పుట్టిన ఒక ఫ్రాన్సిస్కన్ గురువంటే ఆయనకు ప్రాణం. దేవుడు మనుషుల్ని మూసలో పోసి తీయడనీ, ప్రతి ప్రాణికీ 'ఇది ఇదే, మరొకటి కాదు' అనే గుణం ఒకటి ఇస్తాడనీ ఆ గురువు చెప్పాడట. "మరియ తల్లి పాపం అంటకుండా పుట్టిందన్న ఆయన మాట ఒప్పుకోవడానికి మా చర్చికి అయిదు వందల ఏళ్ళు పట్టింది," అన్నారొకసారి. "మా మేనేజర్ నయం ఫాదర్, సెలవు చీటీ ఆర్నెల్లకే ఒప్పుకుంటుంది," అన్నాను. నురగ ఎగిరిపడేలా నవ్వారు.

అంతకు ఏడాది ముందు, ఎనిమిదో నెలలో, నాకు పాప చనిపోయి పుట్టింది. ఆసుపత్రి పట్టీ మీద 'కరుణ బిడ్డ' అని రాశారు. మా అత్తయ్య ఫోన్ చేసి, "పేరు పెట్టమాకండి. పెడితే మరుపు రాదు. ఏ పాపానికి శిక్షో ఏమో, ఒప్పుకుని ప్రార్థన చేసుకోవే," అంది. పెద్దల్ని ఎదిరించి పెళ్ళి చేసుకున్నదాన్ని. ఏ పాపమో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఒక ఉదయం ఫాదర్, ఆదాము పాపం చేయకపోయినా క్రీస్తు వచ్చేవాడేనని ఆ గురువు వాదించాడని చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

"పాపమే లేకపోతే ఎందుకొస్తాడు?"

"ప్రేమించడానికి. బాగుచేసే పని తర్వాతది. ముందు ప్రేమే."

"మరి నా బిడ్డను ఎందుకు తీసుకున్నాడు? నా పాపానికి కాదూ?"

అక్కడ ఎవరితోనూ అనని మాట అది.

"ఎందుకో నాకు తెలియదు," అన్నారు ఫాదర్. "శిక్ష మాత్రం కాదు. పాప పేరేమిటి?"

"పేరు లేదు."

"ఆమె ఆమే కదా, కరుణా. నేను ఏమని పిలవను?"

సగం నురగతో ఆయన్ని అలాగే వదిలేసి బయటికి వచ్చేశాను. ఎవరికి ఏ గదో రాసే రోటా మార్పించుకుని నెల రోజులు ఆ గది వైపు వెళ్ళలేదు. ఓసారి తలుపు సందులోంచి నన్ను పిలిచినట్టే వినిపించింది. వినిపించనట్టు నడిచాను. ఇప్పటికీ ఆ నడక తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ నెలంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చివరికి మా ఆయనా నేనూ కూర్చుని, ఏడ్చి, ఒక పేరు అనుకున్నాం. మర్నాడు ఫాదర్‌కు చెప్పాలని గంట ముందే డ్యూటీకి వెళ్ళాను. "పద్నాలుగు రాత్రి పోయింది. పదకొండు గంటల్లోపు గది శుభ్రం చెయ్యి," అంది మేనేజర్. పక్క తీశాను. గది వేడిచేసే రేడియేటర్ మీద ఆయన అంగీ ఇంకా తడిగానే ఉంది. దాన్ని మొహానికి అదుముకుని నెల రోజులు ఆలస్యంగా జవాబు చెప్పాను.

ఎంతమంది పిల్లలని ఎవరైనా తెలుగువాళ్ళు అడిగితే, ఇద్దరంటాను. బాబొక్కడే కనబడి వాళ్ళు రెండోవాళ్ళ కోసం చుట్టూ చూస్తారు. పెద్దది ఎస్తేరు, పుట్టకముందే పోయింది అని చెబుతాను. అందరికీ చెబుతున్నాను. అడిగిన మనిషికే చెప్పలేకపోయాను.