చేత్తో కలిపిన గీత

మా ఇంటి కింద కొత్త దుకాణం కోసం చెక్క కోస్తున్నారు. కిటికీలోంచి తడి రంపపు పొట్టు వాసన రాగానే చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో లెక్కలు చెప్పాను. అయినా ఆ వాసన తగిలితే పరీక్ష రాసే పిల్లకు పట్టినట్టు అరచేతులకు చెమట పడుతుంది. పోచయ్య కాక గుర్తొస్తాడు.

ఎనభైల్లో మేం కామాటిపురాలో, వరస గదుల చాల్ ఒకదాని మూడో అంతస్తులో ఉండేవాళ్లం. పక్క గదిలో పోచయ్య కాక, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి. రాతి కమాను కట్టేముందు రాళ్లకు ఆసరాగా కింద నిలబెట్టే చెక్క అచ్చు చేయడంలో అతణ్ణి మించినవాడు మా గల్లీలో లేడు. అక్షరం ముక్క రాదు. మాటలు కూడా పొదుపే. నన్ను ఒక్కసారైనా మెచ్చుకున్నట్టు గుర్తు లేదు, అందుకే అతనంటే నాకు కాస్త కోపంగా కూడా ఉండేది.

అప్పుడు నేను బీఎస్సీ చదువుతున్నాను. మా చాల్ నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను. ఆ సంగతి నేను మరిచిపోయేదాన్ని కాదు, ఎవర్నీ మరిచిపోనిచ్చేదాన్నీ కాదు. అలాంటిదాన్ని గతిశాస్త్రంలో తప్పాను. గ్రహం సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతోంది. సూర్యుడి లాగుడు దూరపు వర్గానికి విలోమంగా ఉంటుందని, అంటే దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుందని చూపించాలి. నా లెక్కలో దూరం పెరిగేకొద్దీ లాగుడు కూడా పెరుగుతోంది. తప్పెక్కడుందో తెలియలేదు. పై వరసతో సంబంధం లేకుండా పుస్తకంలోని జవాబు కింద రాసేశాను. సార్ ఆ రెండు వరసల మధ్య ఎర్ర సిరాతో సున్నా చుట్టారు.

ఇంట్లో మాత్రం లెక్క సరిగ్గానే చేశానని, సారే నా మీద కక్షగట్టారని చెప్పాను. నాయన నమ్మేశాడు. "కామాఠోళ్ల బిడ్డ సదువుతుంటె ఆనికి కడుపు మండుతుంది" అని చాల్ అంతా చెప్పుకొచ్చాడు. కట్టుబడి పనికి వచ్చిన తెలుగువాళ్లను అక్కడ కామాఠీలంటారు. శనివారం తన ముందు బోర్డు మీద అదే లెక్క చేస్తే పరీక్ష ఫారం మీద సంతకం పెడతానన్నారు సార్. లేకపోతే ఏడాది పోయినట్టే.

"ఏడాది పోతె కాలేజ్ బంద్. ధారావిల మీ అత్త తోని మిషన్ మీద కూసోవాలె" అన్నాడు నాయన. "శనివారం నేను గూడ వస్త. ఈసారి గూడ ఫెయిల్ జేస్తె ఆని గల్లా పట్టుకుంట."

గురువారం మధ్యాహ్నం గదుల ముందుండే గ్యాలరీలో కూర్చుని లెక్క బట్టీ పడుతున్నాను. పక్కన కాక కమాను అచ్చు కోసం చెక్క పలక మీద రెండు మేకులు కొట్టి, వాటికి దారం వదులుగా కట్టి, పెన్సిలుతో దారాన్ని బిగలాగుతూ దీర్ఘవృత్తం గీస్తున్నాడు. నా నోట్సులోని బొమ్మ అతని కంటపడింది.

"నడుమల ఈ చుక్కేంది?"

"సూర్యుడు కాకా. గ్రహాన్ని అదే లాగుతది."

"మేకు నడుమల ఉండదు బిడ్డా. గింత పక్కకుంటది. ఇగో చూడు."

పుస్తకం తీశాను. నాభి అనే మాట వందసార్లు చదివాను గానీ, సూర్యుడుండేది కేంద్రంలో కాదనీ, కాక కొట్టిన మేకుల్లో ఒకదాని చోటనీ బుర్రకెక్కలేదు. దూరాలన్నీ కేంద్రం నుంచి కొలిచాను కనకే లాగుడు దూరంతో పాటు పెరిగింది. నా సంబరం తీరకముందే కాక గీత ఒక చుట్టు తిరిగొచ్చింది. మొదలైన చోటికి రాలేదు. కొత్త నూలు దారం లాగుతుంటే సాగినట్టుంది, గీత కొసలు రెండూ వేలెడు దూరంలో ఆగిపోయాయి.

"చేత్తో కలిపెయ్యరాదా కాకా? ఎవలికి తెలుస్తది?"

"కలిపితె కలుస్తది. రాళ్లు కూసోవు."

పొద్దుటి నుంచి చిత్రిక పట్టిన పలక అది. మేకులు పీకి, దాన్ని తిరగేసి, దారానికి బదులు సన్నటి తీగ వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ సార్ నిజంగనే కక్షగట్టిండా?"

నేను నోట్సులో పేజీ తిప్పాను. అతను మళ్లీ అడగలేదు. అడగనందుకు ఒళ్లు మండింది.

శనివారం నాయన పని బట్టల్లోనే వచ్చాడు. క్లాసు గది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సార్‌కు నమస్కారం పెట్టలేదు.

ఈసారి నాభి నుంచి మొదలుపెట్టాను. సూర్యుణ్ణీ గ్రహాన్నీ కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు చిమ్ముతుందన్న సూత్రం రాశాను. దూరాన్ని తలకిందులు చేసి రెండుసార్లు అవకలనం చేశాను. చివరి వరసలో విలోమ వర్గం వచ్చింది. కానీ దాని పక్కన, ఉండకూడని విలోమ ఘనం ఒకటి వచ్చి కూర్చుంది. సార్ కిటికీ బయటికి చూస్తున్నారు. డస్టర్ నా చేతిలోనే ఉంది. ఆ ఒక్క పదం తుడిచేస్తే చాలు. వెనక నాయన దగ్గాడు. డస్టర్ బల్ల మీద పెట్టేశాను.

"సార్, ఇది కలవలేదు. ఎక్కడో తప్పాను."

ఆయన ఇటు తిరిగారు. "పోయినసారి బాగానే కలిపావుగా."

"కలవలేదు సార్. పుస్తకంలో జవాబు తెచ్చి అతికించాను."

సార్‌తో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేదాన్ని. ఇంగ్లీషులో అని ఉంటే నాయనకు అర్థమయ్యేది కాదు. ఆ కంగారులో నోటికి నాయనకూ తెలిసిన హిందీ వచ్చింది. గుమ్మం వైపు చూసే ధైర్యం నాకు లేదు.

సార్ పది నిమిషాలు ఇచ్చారు. మొదటి అవకలనంలో నేను జారవిడిచిన ఋణ గుర్తు దొరికింది. దాన్ని చేరిస్తే ఘనం రద్దయిపోయింది. సార్ ఫారం తీసుకుని సంతకం పెట్టారు. అప్పుడు నాయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. సార్ కాలరు పట్టుకుంటానన్న చేతులు రెండూ జోడించి, "మాఫ్ కరో సాబ్, మైనే బహుత్ గలత్ బోలా" అని తన మాటలకు మన్నింపు కోరుతూ తల వంచాడు. చాల్‌లో తన గురించి నాయన ఏం అన్నాడో, ఎందుకు అన్నాడో సార్‌కు ఏమీ తెలియదు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఇంటికి వచ్చేదాకా నాయన నాకు నాలుగడుగుల ముందే నడిచాడు.

సాయంత్రం కాకకు అంతా చెప్పాను. మెచ్చుకుంటాడనే చెప్పాను. "మీ నాయన తిన్నడా?" అని మాత్రం అడిగాడు. తినలేదన్నాను. "పో, తినిపియ్యి" అన్నాడు.

కాక పోయి చాలా ఏళ్లయింది. అతని వల్ల నాకు నిజం మీద ప్రేమ పుట్టిందని రాస్తే వినడానికి బాగుంటుంది. నాకు పట్టుకున్నది భయం. అబద్ధం నోటి దాకా వచ్చినప్పుడల్లా, దాని కోసం వంగబోయే తల ఒకటి ముందే కళ్ల ముందుకొస్తుంది. ఎన్నిసార్లు చూసుకున్నా ఆ తల నాది కాదు.