తోమియేగారి లెక్క

యవతహామా ఊరి పిల్లల బేస్‌బాల్ జట్టులో కోచ్ హమమొతోగారి మాటకు ఎదురు చెప్పినవాళ్లున్నారు గాని, తోమియేగారి లెక్కకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. నలభై ఏళ్లు కమలాపళ్ల షెడ్డులో పళ్లు ఏరిన మనిషి ఆవిడ. పని మానేశాక ఆ కళ్లను తెచ్చి మైదానం పక్కన మడతకుర్చీలో కూర్చోబెట్టింది. చిన్నబడి పిల్లాడు రోజుకు డెబ్బై బంతులకు మించి విసరకూడదని రూలు. బంతి బంతికీ గుప్పిట్లోని లెక్కమిషను నొక్కుతుంది, డెబ్బై కాగానే చెయ్యెత్తుతుంది. ఆట ఎంత రసపట్టులో ఉన్నా పిల్లాడు దిగాల్సిందే.

"ఒక్క బంతే కదండీ, చూసీచూడనట్టు పోకూడదా?" అని ఒక తండ్రి అడిగితే, "లేత ఎముకండీ. పాడైతే మీరు కొత్తది కొనిస్తారా?" అని దులిపేసింది.

జట్టులో అందరికన్నా వేగంగా విసిరేది ఆవిడ మనవడు రియోహే, ఆరో తరగతి. లేత ఎముకల మీద ఇంత బెంగ ఉన్న మనిషి, రోజూ సాయంత్రం పెరట్లో వల కట్టి వాడిచేత అరవై బంతులు వేయించేది. అది సాధన కదా, ఆట కాదు. ఇందులో దాపరికం ఏమీ లేదని, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని ఆవిడ నమ్మకం. పైగా అరవై దగ్గర ఆపేస్తున్నందుకు తన నిగ్రహాన్ని చూసి తానే మురిసిపోయేది.

జిల్లా పోటీల చివరి ఆట వచ్చింది. గెలిస్తే మత్సుయామాలో పెద్ద పోటీకి వెళ్తారు. మనవాళ్లు ఒక పరుగు ముందున్నారు. నలభై ఒకటో బంతి విసిరాక రియోహే మోచేతిని డొక్కకు అదిమి పట్టుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. తోమియేగారు చూసింది.

మిషను మీద నలభై ఒకటి. ఇంకా ఇరవైతొమ్మిది మిగిలున్నాయి. నోరు మూసుకుని కూర్చుంటే ఆవిడ లెక్కలో తప్పు పట్టగలవాడు లేడు. అందుకే ఆవిడకు భయం వేసింది. చెయ్యెత్తింది.

కోచ్ ఆట ఆపించి పరుగెత్తుకొచ్చాడు. "అప్పుడే డెబ్బయ్యా? మిషను పాడైందా ఏంటండీ?"

"మిషను శుభ్రంగా ఉంది. నలభై ఒకటే."

"మరి?"

"ఇంట్లో రోజూ అరవై వేయిస్తున్నాను. వాడికి చెయ్యి నొప్పిగా ఉంది. దించెయ్యండి."

తిడతాడనుకుంది. ఆయన టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నేను బుధవారం, శుక్రవారం డెబ్బై వేయిస్తున్నానండీ. ఇంట్లో ఎలాగూ విశ్రాంతేగా అని..."

"నాకొక్క ముక్క చెప్పలేదే!"

బార్లీ టీ ఫ్లాస్కు పట్టుకుని వెనకే నిలబడ్డ రియోహే తండ్రి కెంగో గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... శనివారం పొద్దున్న రేవు దగ్గర నేను కూడా ఓ యాభై..."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురిలో ఎవరూ హద్దు దాటలేదు. అన్నీ కలిపి కూడింది ఆ మోచెయ్యి ఒక్కటే.

రియోహేని దించేశారు. జట్టు తొమ్మిది–రెండుతో చిత్తుగా ఓడింది. ఈ సంభాషణ వినపడని మెట్ల మీది జనం "సొంత మనవణ్ణి కూడా వదల్లేదు, మనిషంటే ఆవిడ!" అని చప్పట్లు కొట్టారు. తోమియేగారికి జన్మలో అంత సిగ్గు వేయలేదు.

బెంచీ మీద వాడి మోచేతికి ఐసు సంచీ కడుతూ అడిగింది. "ఎప్పట్నించిరా నొప్పి?"

"వేసవి సెలవుల్నించి."

"మరి ఎవరికీ చెప్పలేదేంరా, నాయనా?"

వాడు నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "మన ఇద్దరి మధ్యే ఉండాలి, ఎవరికీ చెప్పొద్దు అన్నావుగా నానమ్మా. నాన్న కూడా అదే అన్నాడు. కోచ్ గారూ అదే అన్నారు."