పదకొండు సార్లు వదిలిన చెయ్యి

ఆయన లిఫ్ట్ మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అదే పని. మేడ మీది మోటారు గదిలో దూరి, గ్రీజు చేతులతో బ్రేకు పట్టు చూసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి, "ఇక నిశ్చింతగా ఎక్కండి" అని చెప్పి వచ్చే మనిషి. అలాంటివాడి చేతిలోంచి తాడు జారి సొంత బావమరిది పడిపోయాడంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు.

బావమరిది టైల్స్ వేస్తాడు. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని. ఒళ్లు పట్టేస్తోందని, పాత గోదాములో కొత్తగా పెట్టిన గోడలెక్కే జిమ్ములో చేరాడు. అక్కడ ఒక్కడే వెళ్తే కుదరదు, ఎక్కేవాడికి కింద తాడు పట్టే తోడు ఉండాలి. "తాళ్లతోనే బతికేవాడివి. నీకంటే నమ్మకమైనవాణ్ణి ఎక్కణ్ణించి తెచ్చుకోను బావా?" అని వెంటపడి తీసుకెళ్లాడు.

మొదటిరోజు గంటసేపు నేర్పారు. ఎక్కేవాడి నడుముకి కట్టిన తాడు పైన ఇనుప గొట్టం మీదుగా తిరిగి కిందికొస్తుంది. కిందివాడు తన నడుముకి తగిలించుకున్న చిన్న పరికరంలోంచి దాన్ని లాగుతుండాలి. ఎడమచెయ్యి ఎటుపోయినా ఫరవాలేదు. పరికరం కిందికి వేలాడే తాడుని మాత్రం కుడిచెయ్యి ఎప్పుడూ వదలకూడదు. అదే బ్రేకు. ఆయన తల ఊపాడు. తనకి బ్రేకు గురించి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాడు కూడా.

ఎనిమిది నెలలపాటు ప్రతి శనివారం పొద్దున వెళ్లారు. "బావా, నిద్రపోయావా ఏంటి? తాడు లాగు" అని పైనుంచి వేళాకోళం. "నువ్వు కాస్త తిండి తగ్గించు, తాడు అదే వస్తుంది" అని కిందినుంచి జవాబు. జిమ్ములో అందరికీ వాళ్లిద్దరూ కాలక్షేపం.

ఒక శనివారం ఇరవై అడుగుల ఎత్తులో బావమరిది కాలు జారింది. తాడు ఆగలేదు. పరికరంలోంచి బుర్రున పరిగెత్తింది. ఆయన కుడిచెయ్యి గాలిలో తాడు కోసం వెతుక్కుంటుండగానే అతను మడమల మీద నేలకి కొట్టుకున్నాడు.

ఒక మడమ నుజ్జయింది, రెండోది చీలింది. రెండు ఆపరేషన్ల తర్వాత డాక్టరు, "నడుస్తాడు. గొంతుక్కూర్చోవడం మాత్రం మర్చిపోవాలి" అన్నాడు. గొంతుక్కూర్చోకుండా టైల్స్ వేసేవాణ్ణి ఎవరూ చూడలేదు.

అయినా బావమరిది నోట ఒక్క నిష్ఠూరం రాలేదు. "ఒక్క క్షణం ఏమరుపాటు. ఎవరికైనా జరుగుతుంది. కావాలని వదిలావా ఏంటి?" అని మంచం మీంచి అతనే బావకి ధైర్యం చెప్పాడు. ఆ ఒక్క క్షణం అన్న మాట పట్టుకుని నాలుగు నెలలు ఇల్లంతా ఎలాగో నెట్టుకొచ్చింది.

ఆయన మనసు మాత్రం ఊరుకోలేదు. లిఫ్టు ఆగిపోతే కారణం దొరికేదాకా కదలని అలవాటు. ఒకరోజు పని మధ్యలోంచే జిమ్ముకి వెళ్లి, ఆనాటి కెమెరా రికార్డింగ్ చూపించమని కోచ్‌ని అడిగాడు. ఆ అమ్మాయి చాలాసేపు తటపటాయించి, కంప్యూటర్ ముందు కుర్చీ వేసింది.

తాడు లాగాక, కుడిచెయ్యి కిందనుంచి పైకి జరపాలి. జారుస్తూ జరపాలి, వదిలి కాదు. తెరమీద ఆయన వదిలి, మళ్లీ పైన పట్టుకుంటున్నాడు. సరిగ్గా ఆ సందులో కాలు జారింది.

"దొరికింది" అన్నాడాయన నీరసంగా.

కోచ్ లేవలేదు. రికార్డింగ్‌ని మొదటికి తిప్పింది. "ఇక్కడ కూడా వదిలారు సార్. ఇక్కడా. ఇదిగో, ఇక్కడా."

ఆ ఒక్కసారి ఎక్కడంలోనే పదకొండు సార్లు. పదిసార్లు పైవాడి కాలు జారలేదు, అంతే తేడా. అంతకుముందు వారాలవీ చూశారు. అన్నిట్లోనూ అదే చెయ్యి, అదే సందు.

"మేం చూసి చెప్పాల్సింది. చూడలేదు" అంది కోచ్ తల వంచుకుని.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆమె కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసింది. "తమ్ముడికి చెప్పకండి. వాడు ఏ మాట పట్టుకుని లేచి కూర్చుంటున్నాడో మీకు తెలుసు. అదీ లాగేస్తారా?"

"లేని మాట మీద వాడు నన్ను క్షమిస్తే, అది నాకు ఎలా అంటుతుందే?"

"మీకు అంటడం కోసం వాడికి చెప్తారా?"

అయినా, ఇద్దరూ కలిసి బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు చెప్పేశాడు.

బావమరిది దిండుకి ఆనుకుని అంతా విన్నాడు. "ఎనిమిది నెలలా?"

"ఆఁ."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"అంటే నేను పైన ఉన్నప్పుడు కింద ఎవరూ లేరన్నమాట" అన్నాడు మెల్లగా. గొంతులో కోపం కూడా లేదు. "అక్కా, కొంచెం నీళ్లియ్యి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత బావతో మాట్లాడలేదు.

ఆయన మళ్లీ జిమ్ములో చేరి, మొదటి గంట పాఠం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కోచ్ తాడుకి ఇసుక బస్తా కట్టి, చెప్పకుండా జారవిడిచేది. ఆపడం వచ్చాక తనే గోడెక్కి, చెప్పకుండా చేతులు వదిలేసేది. ఆరువారాలకి ఆయన కుడిచెయ్యి తాడు మీద జారడమే తప్ప ఊడడం మానేసింది.

"ఇప్పుడు వదలమన్నా వదలరు సార్" అంది కోచ్, కిందికి దిగి ముడి విప్పుకుంటూ. ఆయన సంతోషపడదామని చూశాడు, చేతకాలేదు. ఇదేమీ గొప్ప విద్య కాదు. మొదటిరోజే చెప్పారు, అప్పుడే నేర్చుకుని ఉండచ్చు.

భార్య ఆదివారాలు తమ్ముడింటికి ఒక్కతే వెళ్లొస్తోంది. రమ్మని ఈయన్ని అడగదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే ఆమెకి ఫోన్ చేశాడు.

"వాడికి ఒక్కసారి ఇస్తావా?"

"ఇప్పుడే పడుకున్నాడండీ."

ఆమె వెనకనుంచి టీవీ చప్పుడు, దాంతోపాటు దేనికో పగలబడి నవ్వుతున్న బావమరిది గొంతు స్పష్టంగా వినిపించాయి. వినిపించిందని ఆమెకీ తెలిసింది.

"సరేలే, లేపకు" అన్నాడాయన.