భుజం నొప్పికి సాక్ష్యం

కుడి భుజం. విల్లు లాగే చెయ్యి. తాడు గడ్డం దాకా తెచ్చేసరికి లోపల సూది గుచ్చి తిప్పినట్టుండేది. రాష్ట్ర జట్టు సెలక్షన్లకి ఇంకా నెలపైనే ఉంది. హనుమాన్ జంక్షన్‌లో ఫిజియో దగ్గరికెళ్తే, "మూడు వారాలు విల్లు ముట్టుకోవద్దండి. తర్వాత నెమ్మదిగా మొదలెడితే సెలక్షన్లకి అందుకుంటారు" అన్నాడు. సరే, ఓర్చుకుందాం అనుకున్నాను. ఓర్చుకోనిస్తేగా!

ఆ ఆదివారమే మా అమ్మ చర్చిలో ప్రార్థన మనవి పెట్టింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా చుట్టూ మూగి నా మీద చేతులుంచారు. ఎక్కడ? సరిగ్గా ఆ భుజం మీదే. ఒకావిడ ఆవేశంగా నొక్కిన నొక్కుడికి కళ్లమ్మట నీళ్లు కారాయి. "చూశారా, దేవుడు ముట్టాడు" అన్నారు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు చెప్పుకునే వేళ అమ్మ లేచి నిలబడింది. ప్రభువు చేసిన మేలు నలుగురిలో చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. "మా అమ్మాయి భుజం దేవుడు బాగుచేశాడండి. నొప్పి పూర్తిగా పోయిందండి" అంది. అందరూ స్తోత్రం అన్నారు. అబద్ధమాడితే నాలుక కోస్తానని నన్ను పెంచిన మనిషి!

"ఏంటమ్మా అది?" అని బయట అడిగితే, "విశ్వాసంతో చెప్పానే, నువ్వు నోరు మూసుకో" అంది.

ఇక నా పాట్లు ఎవరితో చెప్పుకోను? ఆ సాయంత్రమే నాన్న, "తగ్గిందిగా, తోటకి రా. కూలీలు దొరకట్లేదు" అంటూ చిక్కం చేతికిచ్చారు. చివర వల కట్టిన పొడవాటి గెడ అది. చేతులు పైకెత్తి, బంగినపల్లి కాయని ఒక్కొక్కటే తొడిమతో సహా వలలోకి దించాలి. వారమంతా దించాను. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం మానేసింది. అమ్మే జడ వేస్తూ, "ఇంకొన్నాళ్లు ఓర్చుకోవే" అనేది. ఒళ్లు మండిపోయేది నాకు.

మళ్లీ ఆదివారం వచ్చింది. సాక్ష్యాలు అనగానే లేచాను. "నొప్పి తగ్గలేదండి, ఎక్కువైంది. మా అమ్మ చెప్పింది నిజం కాదండి" అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ల వైపు కూర్చున్న నాన్న లేచి బయటికెళ్లి బండి స్టార్ట్ చేశారు.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డప్పుడు అమ్మ నా వైపు తిరిగింది.

"చల్లారిందా కడుపు? నొప్పి తగ్గకపోతే మీ కోచ్ వాడుకోమనిచ్చిన ఆ విల్లు ఆయనకి తిరిగిచ్చేస్తానన్నారే మీ నాన్న. చెయ్యి పడిపోతే ఎవరు చూస్తారని ఆయన భయం. సెలక్షన్లయ్యేదాకా ఆపుదామని దేవుడి ముందు అబద్ధమాడాను."

"నాకు ముందే చెప్పి చావొచ్చుగా!" అని అరిచాను.

"చెప్తే ఆయనతో పోట్లాడవూ?"

పోట్లాడేదాన్నే.

ఇంటికెళ్లేసరికి విల్లు లేదు. నాన్న అప్పటికే ఇచ్చేసి వచ్చి, కాయల మధ్య గడ్డి సర్దుతున్నారు. ఆయన మీద గొంతు పోయేలా అరిచాను. అమ్మ మీద అరుద్దామంటే నోరు రాలేదు.

భుజం ఆ వర్షాకాలంలో తగ్గింది. అమ్మ మాత్రం సాక్ష్యాలకి మళ్లీ ఎప్పుడూ లేచి నిలబడలేదు.