ఎస్తేరత్త మజ్జిగ అండా

నిన్న మధ్యాహ్నం తిరువళ్ళూరు స్టేషన్‌లో ట్రైన్ కోసం నిలబడి ఉన్నాను. చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, ఎస్తేరత్త ఇంక లేదు. బిరీన రా."

ట్రైన్ వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

మా నాన్నకు అక్క. తిరుత్తణిలో ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైర్ అయింది.

ఆడి కృత్తిక పండగ వచ్చిందంటే కొండకు కావడి మోసుకుపోయే భక్తులు అత్త ఇంటి ముందు నుంచే నడుస్తారు. చెప్పుల్లేని కాళ్ళు, కాలే తారు రోడ్డు. అత్త పొద్దున్నే మజ్జిగ చిలికి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి గుమ్మం ముందు కూర్చునేది.

చర్చికి పోయేదానివి, నీకెందుకత్తా అని ఒకసారి నేనే అడిగాను.

"కాళ్ళు కాల్తా వస్తాండారు గదరా. ఏ సామి అని అడిగేసి పోయాల్నా? ముందు తాగనీ."

రెండేళ్ళ క్రితం జనం ఎక్కువై, ఇంట్లో గిన్నెలు చాల్లేదు. మా చర్చి సభ విందులకు వాడే పెద్ద అండా తెచ్చుకుంది. దాన్ని ఎప్పుడూ తోమేది ఆమే. ఎవరినైనా అడగాలని కూడా ఆమెకు తోచలేదు.

సభ పెద్దలు కమిటీ పెట్టారు. విగ్రహాల దగ్గరికి పోయేవాళ్ళకు సభ అండాలో పోసిందట. అండాను చింతపండుతో తోమించి, మీద చేతులుంచి ప్రార్థన చేసి, గదిలో పెట్టి తాళం వేశారు. ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షరసం అత్తకు ఇవ్వకుండా దూరం పెట్టారు.

అయ్యా, మన తాతలు ఎవరి మడి భరించలేక ఈ సభకు వచ్చారో గుర్తుందా? ఆ మడి ఇప్పుడు మీరు కట్టుకున్నారు.

రెండేళ్ళు.

బల్ల ఉన్న ప్రతి ఆదివారం రొట్టె పళ్ళెం ఆమెను దాటి పక్కవాళ్ళకు పోయేది. అత్త చివరి వరుసలో కళ్ళు మూసుకుని కూర్చునేది. వేరే సభకు పోదాం రమ్మంటే ఒకటే మాట.

"యాడికి పోయేది? కోపం వీళ్ళకి గానీ ప్రభువుకి లేదు గదా."

ఆమె క్షమించింది. నేను క్షమించలేదు.

ఈ పొద్దు సభ వాట్సాప్ గ్రూప్‌లో అత్త ఫోటో. కింద "లోకానికి వెలుగుగా బ్రతికిన సహోదరి" అని రాసి ఉంది. పెట్టింది తాళం వేసిన పెద్దాయనే. ఒళ్ళు మండిపోయింది. పేరు రాయను. ఆయనకు తెలుసు, మీకూ తెలుసు.

లోకానికి ఉప్పుగా ఉండండి అని ప్రతి వారం మైక్ పట్టుకుని చెప్పేది ఆయన. మజ్జిగలో ఉప్పు వేసి దారిన పోయేవాళ్ళకు ఇచ్చింది మా అత్త.

తెల్లారేసరికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆటోవాళ్ళు. కొండ మెట్ల దగ్గర పూలమ్మే సెల్వి అక్క. నుదుట విభూతితోనే అత్త కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. పెద్దలు గేటు బయట నిలబడి టైం చూసుకున్నారు.

అందుకే ఒక పని చేశాను. పదిమంది ముందు పెద్దాయనను ఆ గది తాళంచెవి అడిగాను. ఇవ్వక తప్పలేదు.

అండా ఇప్పుడు అత్త గుమ్మం ముందు ఉంది. మజ్జిగ నేనే కలిపాను. సెల్వి అక్క గరిటె పట్టుకుని కూర్చుంది.

నాలుగు గంటలకు ఎత్తుతాం. పెట్టె మీద చెయ్యి వేయాలంటే ముందు ఆ మజ్జిగ తాగాలి. కావడి భక్తులు తాగిన లోటాలోనే.

పెద్దాయనా, మొదటి లోటా మీకే. అందరూ చూస్తుండగా తాగండి. లేదంటే ఇంటికి పోండి.

పోయిరా అత్తా. అక్కడ పళ్ళెం నిన్ను దాటి పోదు.

నీకు శాంతి కలగాలి.

నాకు మాత్రం నాలుగింటి దాకా ఆ శాంతి వద్దు.