ఇటలీ కారా, జర్మనీ కారా

రైల్వే ఆసుపత్రి క్యాంటీన్ సమోసాలో బఠానీని వెతుక్కోవాలి. ఇది నా పాత ఫిర్యాదు.

పక్షవాతంతో మాట పడిపోయి మా పక్క క్వార్టర్లో ఉండే రైలు గార్డు బాబాయి ఆ ఆసుపత్రిలోనే చేరారు. ఆయనకున్నది సైకిలు. అయినా ఇటలీ స్పోర్ట్స్ కారు కొనాలా, జర్మనీదా అన్నది ఏళ్లుగా తేల్చుకోలేదు. డ్యూటీ దిగాక పత్రికలో కత్తిరించిన రెండు బొమ్మలూ మంచం మీద పరిచి, ఇలాంటి వాటిలో తొందర కూడదనేవారు.

డాక్టరు పిలిచినా, పిన్ని ఏడ్చినా ఆయన పలకలేదు. నాకేమీ తోచక, "బాబాయ్, జర్మనీదే ఖాయం చేసేశాను" అన్నాను.

పెదవి కదిలింది. "మన ఊరి సర్కండా రోడ్డు గతుకులకి... దాని పొట్ట రాసుకుపోదేట్రా?"

మాట ముద్దగా ఉంది. వాదన మాత్రం స్పష్టంగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

పిన్ని కళ్లు తుడుచుకుని ఆయన్నే చూసింది.

"నేనేడిస్తే పెగలని నోరు, కారంటే పెగిలిందేటి?"